దేశం దాటిన కొలువు: బహుళజాతి వ్యాపారంలో జీతం, చట్టం, భద్రత

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో లింకన్ ఎలక్ట్రిక్ అనే పాత కంపెనీ ఉంది. 1895లో మొదలైంది. వెల్డింగ్ యంత్రాలు, వెల్డింగ్ రాడ్లు తయారు చేస్తుంది. సరుకు కంటే జీతాల పద్ధతి వల్లే దానికి ఎక్కువ పేరొచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుల్లో చాలామందికి గంటల లెక్కన కాకుండా పీస్ రేటు మీద కూలి కడతారు. లోపమున్న సరుకు చేస్తే సొంత సమయంలో సరిచేసి ఇవ్వాలి. ఏడాది చివర లాభాల్లోంచి బోనస్ పంచే అలవాటు 1934 నుంచీ ఉంది. కొన్నేళ్లలో ఆ బోనస్ ఏడాది కూలికి దాదాపు సమానంగా వచ్చింది. పని తగ్గిందని ఎవరినీ ఇంటికి పంపబోమన్న హామీ కూడా తోడైంది. మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం ఇది.

1980ల చివర్లో ఈ కంపెనీ విదేశాలకు విస్తరించింది. యూరప్, లాటిన్ అమెరికా, జపాన్‌లలో ఉన్న ఫ్యాక్టరీలు కొన్నది, కొత్తవి పెట్టింది. యంత్రాలు పనిచేసినట్టే జీతాల పద్ధతీ అక్కడ పనిచేస్తుందని యాజమాన్యం నమ్మింది. వారానికి 35 గంటల పనికి అలవాటుపడ్డ జర్మనీలో ఆ నమ్మకం చెల్లలేదు. యూరప్ కార్మికులు పీస్ రేటును అనుమానంగా చూశారు. అదనపు డబ్బు కంటే సెలవులే నయమన్నారు. బ్రెజిల్‌లో చిక్కు మరో రకం. వరసగా రెండేళ్లు బోనస్ ఇస్తే అది చట్టప్రకారం ఇచ్చితీరాల్సిన బాకీగా మారుతుంది. 1992లో కంపెనీకి సుమారు 4.6 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. అమెరికాలో ఉన్న కార్మికుల తప్పేమీ లేదు కాబట్టి వాళ్ల బోనస్ ఆపడానికి మనసొప్పక 5 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చి మరీ పంచారు. ఆ తర్వాత జర్మనీ, జపాన్, బ్రెజిల్, వెనెజువెలాల్లో ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయి.

అంతర్జాతీయ వ్యాపారంలో ఉద్యోగుల నిర్వహణ అనే శాస్త్రం పుట్టింది ఇలాంటి దెబ్బల్లోంచే. పాఠ్యపుస్తకాలు దాన్ని ప్రతిఫలం, కార్మిక చట్టం, భద్రత అని మూడు అధ్యాయాలుగా విడదీస్తాయి. ఫ్యాక్టరీలో అవి అలా విడివిడిగా ఉండవు. బేసిక్ ఎంత అన్నది గ్రాట్యుటీని నిర్ణయిస్తుంది. చట్టం ఎవరిని యజమాని అంటుందో తేలితేగానీ ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ఎవరివ్వాలో తేలదు. మూడింటి అడుగునా ఉన్నది ఒకటే ప్రశ్న. నిర్ణయాలు సియోల్‌లోనో న్యూయార్క్‌లోనో జరుగుతుంటే, పని బంగ్లాదేశ్‌లోని సావర్‌లోనో తమిళనాడులోని శ్రీపెరంబుదూరులోనో జరుగుతుంటే, అన్యాయం జరిగినవాడు ఎవరిని, ఎక్కడ అడగాలి?

జీతం లెక్క

విదేశానికి పంపే ఉద్యోగికి జీతం కట్టడంలో ఎక్కువ వాడుకలో ఉన్నది బ్యాలెన్స్ షీట్ పద్ధతి. సొంత ఊళ్లో ఎలా బతికాడో పరాయి దేశంలోనూ అలాగే బతకాలి, లాభమూ వద్దు నష్టమూ వద్దు అన్నది దాని సూత్రం. హైదరాబాద్ నుంచి మూడేళ్లకు జ్యూరిక్ వెళ్లే మేనేజర్ జీతాన్ని పన్ను, ఇంటి అద్దె, రోజువారీ ఖర్చు, పొదుపు అని నాలుగు పద్దులుగా విడగొడతారు. జ్యూరిక్‌లో అద్దె ఎక్కువైతే తేడా కంపెనీ భరిస్తుంది. పన్ను ఎక్కువైతే ఇండియాలో ఎంత కట్టేవాడో అంతే ఉద్యోగి నుంచి పట్టుకుని మిగతాది కంపెనీ కడుతుంది. దీన్నే ట్యాక్స్ ఈక్వలైజేషన్ అంటారు. పిల్లల స్కూలు ఫీజు, ఏడాదికోసారి ఇంటికి వచ్చిపోవడానికి విమాన టికెట్లు, కష్టమైన చోటైతే హార్డ్‌షిప్ అలవెన్సు దీనిమీద అదనం. ఇలా పంపిన ఒక్క ఉద్యోగి మీద సొంత దేశంలో అయ్యే ఖర్చుకు రెండు మూడు రెట్లు అవుతుందని ఈ రంగంలో అందరూ చెప్పే అంచనా.

అందుకే చాలా కంపెనీలు ఆ పద్ధతిని పెద్ద పదవులకే ఉంచి, మిగతావాళ్లను లోకల్ జీతం మీద తీసుకుంటున్నాయి, లేదా కొన్ని నెలల పనికి పంపి వెనక్కి రప్పిస్తున్నాయి. పన్ను ఒప్పందాల్లోని 183 రోజుల నిబంధన ఆన్‌సైట్ వెళ్లే ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకూ తెలుసు. అంతకు మించి ఉంటే అక్కడి పన్ను మీద పడుతుంది. తక్కువ జీతంతో మనుషుల్ని పంపి పని చేయించుకునే దారినీ దేశాలు మూస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ 1996లో తెచ్చి 2018లో సవరించిన నిబంధనల ప్రకారం, ఒక సభ్యదేశం నుంచి మరో సభ్యదేశానికి తాత్కాలికంగా పంపిన కార్మికుడికి స్థానికుడితో సమానమైన వేతనం ఇవ్వాలి.

అమెరికా హెచ్-1బీ వీసా కథ తెలుగు ఇళ్లలో కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతానికి తక్కువ ఇవ్వబోమని యజమాని ముందుగా కార్మిక శాఖకు రాసివ్వాలి. చర్చ అంతా వీసా దొరకడం చుట్టూ తిరుగుతుంది గానీ, చట్టంలో ఉద్యోగికి అసలు పనికొచ్చేది బెంచ్ గురించిన నిబంధన. ప్రాజెక్టు దొరకలేదన్న కారణంతో జీతం ఆపకూడదని 1998లోనే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఒక ప్రాజెక్టు అయిపోయి రెండోది దొరికే దాకా పైసా ఇవ్వకుండా గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టే కన్సల్టెన్సీ చట్టం తప్పినట్టే. కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి ఉద్యోగి నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. కానీ వీసా అదే యజమాని చేతిలో ఉంటే ఫిర్యాదు రాయడానికి చేయి ఆడదు. చట్టం ఇచ్చిన హక్కును వీసా లాగేసుకోవడానికి ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ వెతకనక్కర్లేదు.

కంటికి కనిపించకుండా పోయే సొమ్ము మరొకటుంది. అమెరికాలో పనిచేసే భారతీయుడి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం కోస్తారు, యజమాని మరో 6.2 శాతం కడతాడు. కనీసం పదేళ్లు కడితేగానీ పింఛనుకు అర్హత రాదు. ఆరేళ్లకు వీసా అయిపోయి తిరిగి వచ్చేవాడి సొమ్ము అక్కడే ఉండిపోతుంది. ఇలాంటి రెట్టింపు చెల్లింపు లేకుండా భారత్ బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా వంటి దేశాలతో సామాజిక భద్రత ఒప్పందాలు చేసుకుంది. అమెరికాతో ఏళ్ల తరబడి అడుగుతున్నా కుదరలేదు. 2025 జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం చేసుకున్నప్పుడు, మూడేళ్ల వరకు అక్కడికి పంపిన ఉద్యోగులకు ఈ మినహాయింపు ఇవ్వడానికి అంగీకారం కుదిరింది. ఐటీ కంపెనీలు దాన్ని పండగలా చూడటంలో ఆశ్చర్యం లేదు.

బోనస్ విషయంలోనూ ఒక్కో దేశానికి ఒక్కో ఆచారం. జపాన్ కంపెనీలు వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఇస్తాయి, జీతంలో అదో భాగమైపోయింది. ఫిలిప్పీన్స్, బ్రెజిల్‌లలో పదమూడో నెల జీతం చట్టమే. భారత్‌లో 1965 నాటి బోనస్ చట్టం కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం అంది. ఈ వింత అంకె ఎక్కడిదని చాలామంది అడుగుతారు. అది పన్నెండో వంతు, అంటే మన దగ్గరా అది పదమూడో నెలే. కాబట్టి ప్రపంచం మొత్తానికీ ఒకే ప్రోత్సాహక పథకం అంటూ ప్రధాన కార్యాలయం పంపే ఫైలు ప్రతి దేశంలోనూ తిరగరాయక తప్పదు.

చట్టం నేలది

జర్మనీలో కార్మికులు ఎన్నుకునే వర్క్స్ కౌన్సిల్‌ను అడగకుండా యాజమాన్యం పనివేళల్లో గానీ ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో గానీ వేలు పెట్టలేదు. 2,000 మందికి మించి పనిచేసే కంపెనీల పర్యవేక్షణ మండలిలో సగం స్థానాలు ఉద్యోగులవే అని 1976 నాటి చట్టం చెబుతోంది. అమెరికాలో ఇందుకు పూర్తి వ్యతిరేకం. వివక్ష వంటి కొన్ని కారణాలు మినహా యజమాని ఎప్పుడైనా, ఏ కారణం చూపకుండానైనా ఉద్యోగిని తీసేయవచ్చు. ఈ రెండు ప్రపంచాలూ ఢీకొన్న చోటు వాల్‌మార్ట్ జర్మనీ.

1997లో జర్మనీ సూపర్‌మార్కెట్లు కొని వాల్‌మార్ట్ అక్కడ అడుగుపెట్టింది. 2005లో ఉద్యోగుల చేతికి ఒక నియమావళి ఇచ్చింది. తోటివాళ్ల తప్పులు తెలిస్తే ఫోన్ చేసి చెప్పాలట. పనిచేసే చోట ప్రేమ వ్యవహారాలు కూడదట. అమెరికాలో ఎవరూ పట్టించుకోని కాగితం అక్కడ కోర్టుకెక్కింది. కౌన్సిల్‌ను సంప్రదించకుండా ఇలాంటివి రుద్దడం కుదరదని వుప్పర్టాల్ కార్మిక న్యాయస్థానం తేల్చింది, ప్రేమ మీద నిషేధం మనిషి గౌరవానికే భంగమని పైకోర్టు కూడా కొట్టేసింది. ఆ మరుసటి ఏడాది 85 దుకాణాలు మెట్రో సంస్థకు అమ్మేసి వాల్‌మార్ట్ ఇంటిదారి పట్టింది. ధరలు, పోటీ వంటి కారణాలు వేరే ఉన్నాయి. ప్రేమను నిషేధించినందుకే దుకాణం మూతపడలేదు గానీ, ఆ దేశంలో కార్మికుడి మాటకు ఎంత విలువుందో తెలుసుకోకుండా వచ్చిందన్నది నిజం.

తూర్పు నుంచి వచ్చిన కంపెనీలకూ అనుభవాలు తక్కువేం కాదు. శామ్‌సంగ్ సొంత దేశంలోనే దశాబ్దాల పాటు యూనియన్ల ఊసు రానివ్వలేదు. ఆ విధానానికి స్వస్తి చెబుతామని సంస్థ వారసుడు 2020 మేలో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. నాలుగేళ్ల తర్వాత అదే వివాదం చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో లేచింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో వెయ్యి మందికి పైగా కార్మికులు 2024 సెప్టెంబరు 9న సమ్మెకు దిగారు. సీఐటీయూ అండతో పెట్టుకున్న యూనియన్‌ను రిజిస్టర్ చేయడం, జీతాల మీద తమతో నేరుగా మాట్లాడటం వాళ్ల ముఖ్య డిమాండ్లు. యూనియన్ పేరులో శామ్‌సంగ్ అన్న మాట ఉండటానికి వీల్లేదని కంపెనీ అడ్డుపుల్ల వేసింది. సమ్మె 37 రోజులు సాగింది. యూనియన్‌కు రిజిస్ట్రేషన్ 2025 జనవరిలో గానీ రాలేదు. ఆ హక్కు అప్పటికి అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే ఉండేది. దాదాపు నూరేళ్ల నాటి చట్టాన్ని అమలు చేయించుకోవడానికి నెలల తరబడి కొట్లాడాల్సి వచ్చింది.

కాంట్రాక్టు కార్మికుల విషయానికొస్తే గొలుసు ఇంకా పొడవు. కోలార్ జిల్లా నరసాపురలో ఐఫోన్లు బిగించే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో 2020 డిసెంబరు 12 ఉదయం షిఫ్టు మారే వేళ కార్మికులు విధ్వంసానికి దిగారు. అద్దాలు పగిలాయి, వాహనాలు కాలాయి. చెప్పిన జీతం రాలేదని, ఓవర్‌టైం డబ్బులు పడలేదని వాళ్ల మొర. ఎక్కువమంది కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లు. కొద్ది నెలల్లోనే మనుషుల్ని విపరీతంగా పెంచిన ఫ్యాక్టరీలో హాజరు, జీతాల లెక్కలు చూసే యంత్రాంగం ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. యాపిల్ తన తనిఖీలో సరఫరాదారుల నియమావళి ఉల్లంఘన జరిగిందని ఒప్పుకుని, సరిదిద్దుకునే దాకా కొత్త పని ఇవ్వబోమని విస్ట్రాన్‌కు చెప్పింది. ఫోన్ మీద పేరు అమెరికా కంపెనీది, అప్పటికి ఫ్యాక్టరీ తైవాన్ కంపెనీది, జీతం ఇవ్వాల్సింది ఏజెన్సీ, చట్టం అప్పట్లో కర్ణాటకలో అమలైన ఫ్యాక్టరీల చట్టం. బుద్ధి చెప్పగలిగింది మాత్రం ఆర్డర్లు ఇచ్చే కంపెనీయే. ఇది గమనించాల్సిన సంగతి.

వీటన్నిటి మీదా గొడుగులా ఉన్నది 1919లో వెర్సాయ్ సంధితో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ. ప్రభుత్వం, యాజమాన్యం, కార్మికులు ముగ్గురూ కూర్చుని ఒడంబడికలు రాస్తారు. మొదటి ఒడంబడిక రోజుకు 8 గంటల పని గురించే, భారత్ దాన్ని 1921లో ఆమోదించింది. సంఘం పెట్టుకునే హక్కుకు, ఉమ్మడి బేరసారాలకు సంబంధించిన 87, 98 నంబరు ఒడంబడికలను మాత్రం నేటికీ ఆమోదించలేదు. ఈ విషయంలో అమెరికా కూడా భారత్ పక్కనే నిలబడుతుంది. సురక్షితమైన పనిచోటును ప్రాథమిక హక్కుల్లో చేర్చడానికి ఆ సంస్థకు నూరేళ్లు దాటింది. ఆ తీర్మానం జరిగింది 2022 జూన్‌లో.

గల్ఫ్ దారి

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో అంతర్జాతీయ కార్మిక చట్టం గురించి అడిగితే పుస్తకాల్లో లేని మాటలు వినిపిస్తాయి. కఫీల్, అకామా, ఖల్లివెల్లి. అక్కడి యజమానే కఫీల్, ఉండటానికి ఇచ్చే కార్డు అకామా. కఫీల్‌ను వదిలి బయట పనిచేస్తే కాగితాలు చెల్లవు, మనిషి ఖల్లివెల్లి అయిపోతాడు. కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే కడప, కోనసీమ ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఇంటి పనిని చాలా గల్ఫ్ దేశాల కార్మిక చట్టాలు అసలు పనిగానే గుర్తించలేదు. కువైట్ 2015లో వాళ్లకోసం విడిగా చట్టం చేసింది.

ఇక్కడ జీతం లెక్కను కొంచెం దగ్గరగా చూడాలి. యూఏఈలో పనిచేసి వచ్చేసేవాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపై ఏడాదికి 30 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. కానీ ఆ జీతం అంటే బేసిక్ మాత్రమే. నెలకు మొత్తం 1,500 దిర్హాములు తీసుకునే మేస్త్రీ ఎనిమిదేళ్లు చేశాడనుకుందాం. ఐదేళ్లకు 105 రోజులు, మూడేళ్లకు 90 రోజులు, కలిపి 195 రోజులు. కాంట్రాక్టులో బేసిక్ 1,200 అని రాసి ఉంటే రోజుకు 40 చొప్పున 7,800 దిర్హాములు చేతికొస్తాయి. 600 అని రాసి మిగతాది తిండి, గది, ఇతర అలవెన్సు అని చూపితే 3,900 వస్తాయి. నెలనెలా చేతిలో పడే డబ్బు ఒకటే, ఇంటికి వచ్చే రోజున సగం మాయం. ఏజెంటు సంతకం పెట్టమన్న కాగితం మీద బేసిక్ ఎంతో చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ కిటుకు గల్ఫ్‌కే పరిమితం కాదు. పీఎఫ్, గ్రాట్యుటీ భారం తగ్గించుకోవడానికి బేసిక్ తక్కువ చూపడం మన కంపెనీలకూ అలవాటే. 29 కార్మిక చట్టాలను కలిపి భారత్ చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగానికి మించకూడదని రాశారు. మించితే ఆ అదనం వేతనంలోకే వస్తుంది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్లు కాకుండా ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. ఇవి కార్మికులకు మేలు చేసేవి. అదే కోడ్‌లలో, ప్రభుత్వ అనుమతి లేకుండా మనుషుల్ని తీసేయగల సంస్థల పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచారు. కార్మిక సంఘాల కోపం దాని మీదే.

గల్ఫ్ జీతాలను భారత ప్రభుత్వమే ఒకసారి తగ్గించిన సంగతి చాలామంది మరచిపోయారు. విదేశాలకు కార్మికుల్ని పంపడానికి కనీస రిఫరల్ వేతనం అని ఢిల్లీ ఒక అంకె నిర్ణయిస్తుంది, అంతకు తక్కువైతే వలస అనుమతి ఇవ్వరు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరులో, పోటీలో మనవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుంటారన్న వాదనతో దాన్ని కొన్ని దేశాలకు 200 డాలర్ల దాకా దించేశారు. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలు గోల చేశాయి, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021లో కేంద్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఎడారిలో ఇటుకలు మోసేవాడి జీతం మీద హైదరాబాద్ కోర్టులో వాదన జరగడం చిన్న విషయం కాదు.

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఖతర్‌ను ప్రపంచం ముందు నిలబెట్టింది. 2020లో కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు ఇచ్చారు. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం, యజమాని గది ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే 300 ఇవ్వాలని నిబంధన వచ్చింది. అదే ఏడాది వేసవిలో ఎండ నిబంధనలూ కట్టుదిట్టం చేశారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధం. వేడిని, తేమను కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. గల్ఫ్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చే శవపేటికల వెంట ఉండే మరణ ధ్రువపత్రాల్లో తరచుగా సహజ మరణం, గుండె ఆగిపోవడం అన్న రెండు ముక్కలే కనిపించేవి. సహజ మరణమైతే పని వల్ల చనిపోయినట్టు కాదు, పరిహారం ఉండదు. వేడికి, మరణానికి ఉన్న సంబంధాన్ని విచారించి రాయాలన్న డిమాండు అందుకే పుట్టింది.

ప్రమాదం ఎవరి ఖాతాలో

పని వల్ల వచ్చే ప్రమాదాలు, జబ్బులతో ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. అందులో ఎక్కువ భాగం జబ్బులదే, వాటికి వార్త ఉండదు.

భోపాల్‌కు మాత్రం ఆ కరువు లేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి నీళ్లు వెళ్లి విషవాయువు ఊరి మీదికి వచ్చింది. ట్యాంకును చల్లగా ఉంచాల్సిన శీతల యంత్రాన్ని అప్పటికే ఆపేశారు. వాయువును తగలబెట్టాల్సిన చిమ్నీ మరమ్మతులో ఉంది. భారత కంపెనీలో 50.9 శాతం వాటా అమెరికా కంపెనీది. అదే రసాయనాన్ని ఆ కంపెనీ అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లోనూ తయారు చేసేది. బాధితుల తరఫున భారత ప్రభుత్వం న్యూయార్క్ కోర్టుకు వెళ్లింది. 1986లో అక్కడి న్యాయమూర్తి, కేసు వినాల్సింది భారత న్యాయస్థానాలే అని వెనక్కి పంపాడు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అది చాలదని వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సొంత దేశపు కోర్టులో విచారణ ఎదుర్కోకుండానే మాతృసంస్థ బయటపడగలదని లోకానికి భోపాల్‌తోనే తెలిసింది.

భోపాల్ వల్ల 1987లో మన ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర పరిశ్రమల అధ్యాయం చేరింది. చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించి చెప్పాలి, ఆపద వేళ ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి అన్నవి అప్పటివే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో అవి ఎక్కడున్నాయన్న ప్రశ్న మళ్లీ లేచింది. దక్షిణ కొరియా ఎల్‌జీ కెమ్‌కు చెందిన ఎల్‌జీ పాలిమర్స్‌లో లాక్‌డౌన్ వల్ల పని ఆగి ఉంది. నిల్వ ఉంచిన స్టైరీన్ ట్యాంకులో వేడి పెరిగి ఆవిరి బయటికొచ్చింది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు, దారిలో పడిపోయారు. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన అత్యున్నత కమిటీ తన నివేదికలో రాసింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు ముందుగా జమ చేయమంది. కంపెనీ ప్రధాన అధికారి సహా పలువురిని అరెస్టు చేశారు. ఇంత వేగంగా స్పందన రావడంలో భోపాల్ నేర్పిన పాఠం ఉంది. ట్యాంకు పక్కన మోగాల్సిన సైరన్ దాకా మాత్రం ఆ పాఠం రాలేదు.

సొంత ఫ్యాక్టరీలైతే ఇలా. బట్టల వ్యాపారంలో బ్రాండ్లకు అసలు ఫ్యాక్టరీలే ఉండవు. బయటి తనిఖీ సంస్థ వచ్చి ఫైళ్లు చూసి సర్టిఫికెట్ ఇస్తే సరిపోయేది. 2012 సెప్టెంబరులో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొద్ది వారాల ముందే దానికి ఎస్ఏ8000 అనే అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. ఆ ఫ్యాక్టరీ సరుకు ఎక్కువగా కొన్న జర్మనీ సంస్థ కిక్ మీద బాధితులు డార్ట్‌మండ్ కోర్టులో దావా వేశారు. వర్తించేది పాకిస్థాన్ చట్టం, దాని ప్రకారం గడువు దాటిపోయింది అని 2019 జనవరిలో కోర్టు కొట్టేసింది. జర్మనీ కోర్టు, పాకిస్థాన్ చట్టం, రెండింటి మధ్యా ఆ దావాలో బాధితుడికి మిగిలింది శూన్యం.

2013 ఏప్రిల్ 23న ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. మర్నాడు పొద్దున బట్టలు కుట్టేవాళ్లను మాత్రం లోపలికి రమ్మన్నారు, రాకపోతే జీతం కోస్తామన్నారు. కాసేపటికే ఎనిమిది అంతస్తులూ కూలి 1,134 మంది చనిపోయారు. జీతం, చట్టం, భద్రత మూడూ ఒకే చోట కలిసి పనిచేయడం అంటే ఇదే. నెల జీతం పోతుందన్న భయమే ఆ ఉదయం వాళ్లను మెట్లెక్కించింది. కాదనడానికి వెనక ఒక యూనియన్ లేకపోయింది.

దాని తర్వాత వచ్చిన ఒప్పందం కొత్తది. 200కు పైగా బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు సంతకాలు చేసిన బంగ్లాదేశ్ అకార్డ్ చట్టబద్ధంగా కట్టడి చేసేది. ఇంజినీర్లు ఫ్యాక్టరీలకు వెళ్లి తలుపులు, మెట్లు, వైరింగు, స్తంభాలు చూసి నివేదికలు అందరికీ తెలిసేలా పెట్టారు. మరమ్మతు చేయని ఫ్యాక్టరీతో బ్రాండ్లు వ్యాపారం మానుకోవాలి, ఆ మరమ్మతుకు డబ్బు సమకూరేలానూ చూడాలి. మాట తప్పితే మధ్యవర్తిత్వానికి ఈడ్చవచ్చు. 2016లో కార్మిక సమాఖ్యలు రెండు కంపెనీల మీద హేగ్‌లో కేసులు వేశాయి. వాటిలో ఒక కంపెనీ 23 లక్షల డాలర్లు ఇచ్చి రాజీకొచ్చింది. భోపాల్, కరాచీ బాధితులకు దొరకని చిరునామా బంగ్లాదేశ్ కార్మికులకు దొరికింది. అయితే దాన్ని ఇచ్చింది ఏ దేశపు చట్టమూ కాదు, ఒక కాంట్రాక్టు. 2023లో ఈ ఏర్పాటును పాకిస్థాన్‌కు కూడా విస్తరించారు.

చట్టాలు వెనకే వచ్చాయి. సరఫరాదారుల దగ్గర జరిగే హక్కుల ఉల్లంఘనను ముందే కనిపెట్టి ఆపాలని ఫ్రాన్స్ 2017లో పెద్ద కంపెనీలకు ఆదేశించింది. జర్మనీ చట్టం 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్ 2024లో ఉమ్మడి ఆదేశాన్ని ఆమోదించింది గానీ, కంపెనీల ఒత్తిడితో 2025లోనే దాని అమలును వెనక్కి జరిపింది. వర్తించే కంపెనీల సంఖ్యను తగ్గించే పని కూడా మొదలైంది. ఈలోగా యూరప్‌కు సరుకు పంపే ఎగుమతిదారుల చేతికి కొనుగోలుదారుల నుంచి ప్రశ్నపత్రాలు వచ్చిపడుతున్నాయి. అగ్నిమాపక తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఓవర్‌టైం రేటు ఎంత, ఫిర్యాదుల పెట్టె ఎక్కడుంది అని వాటిలో అడుగుతారు. చొక్కాకు ఇచ్చే ధర ఎంత పెంచుతారన్న గడి మాత్రం ఆ ఫారాల్లో ఉండదు.